భార్య మీదా మామ మీదా తోసేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో షేక్‌స్పియర్ మేక్‌బెత్ నాటకం మీద వచ్చిన వ్యాసం చదివాను. పరీక్షల ముందు డిగ్రీ పిల్లలకు పనికొచ్చేలా కథంతా తేలిగ్గా, బాగా చెప్పారు, అందుకు సంతోషం. కానీ చివర్లో మేక్‌బెత్ మంత్రగత్తెల మాయలో పడి, భార్య మాట విని చెడిపోయాడన్నట్టు తేల్చేశారు, అది మాత్రం నాకు మనసొప్పలేదు. తిరుపతిలో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ పాఠాలు చెప్పినదాన్ని. పిల్లలు సరిగ్గా ఈ వాక్యాన్నే బట్టీపట్టి పేపర్లో రాస్తారు, మార్కులూ పడతాయి, కానీ ఆ వాక్యంతో నాటకం మొత్తం తల్లకిందులవుతుంది. అధికారం కోసం మనిషి తనను తాను ఎలా పాడు చేసుకుంటాడో చూపించిన నాటకాన్ని, పాపం మంచివాణ్ణి పక్కవాళ్లు చెడగొట్టారనే కథగా మార్చేస్తున్నాం. అందుకే రాస్తున్నాను, కాస్త పొడవైనా దయచేసి వేయండి.

నాటకం మొదలయ్యేసరికి మేక్‌బెత్‌కి ఏం తక్కువ? స్కాట్లాండ్ రాజు డంకన్‌కి దగ్గరి బంధువు, పేరున్న సేనాని, అప్పటికే గ్లామిస్ ప్రభువు. తిరుగుబాటును అణిచి, నార్వే సేనను తరిమి, యుద్ధం నుంచి నేరుగా వస్తుంటే ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై నువ్వు కాడర్ ప్రభువువి, తర్వాత రాజువి అవుతావంటారు. అంతే. నాటకం మొత్తం వెతకండి, డంకన్‌ని చంపమని వాళ్లు చెప్పిన చోటు ఒక్కటి కూడా దొరకదు. కాడర్ పదవి నిజంగానే వచ్చిందని కబురు అందగానే హత్య అనే ఆలోచన అతని బుర్రలో దానంతటదే పుడుతుంది, ఆ ఆలోచనకే జుట్టు నిక్కబొడుచుకుంటోంది, గుండె పక్కటెముకలకు కొట్టుకుంటోంది అని తనే చెప్పుకుంటాడు. అప్పటికి భార్య ఎక్కడో దూరంగా కోటలో ఉంది, ఆమెకు ఈ సంగతే తెలీదు. ఆ తర్వాత డంకన్ తన పెద్ద కొడుకు మాల్కమ్‌ని వారసుడిగా ప్రకటిస్తాడు. అప్పుడు మేక్‌బెత్ నక్షత్రాలను వెలుగు దాచుకోమంటాడు, తన లోపలి నల్లటి కోరికలు వెలుతురుకి కనపడకూడదట. ఇదీ భార్య నోరు విప్పకముందే. ఆమెకు ఉత్తరం రాసి మంత్రగత్తెల మాట చెప్పిందీ అతనే.

అతని తోటి సేనాని బాంకో సంగతి కూడా చూడండి. మీ వ్యాసంలో అతను ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయాడు. అదే చోట, అదే నిమిషంలో, అదే మంత్రగత్తెలు అతనికీ జోస్యం చెప్పారు, నీ పిల్లలు రాజులవుతారని. అతనూ మనిషే, ఆశ పుట్టింది. నిద్రలో వచ్చే పాడు ఆలోచనల్ని ఆపమని దేవతల్ని వేడుకుంటాడు. చీకటి శక్తులు చిన్నచిన్న నిజాలు చెప్పి నమ్మించి పెద్ద విషయంలో ముంచుతాయని మేక్‌బెత్‌ని ముందే హెచ్చరిస్తాడు కూడా. జోస్యం ఇద్దరికీ ఒకేలా తగిలింది. ఒకడు ఆ ఆలోచనను దేవుడి ముందు పెట్టాడు, ఇంకొకడు దాన్ని దాచిపెట్టి పెంచాడు. మరి తప్పు జోస్యానిది ఎలా అవుతుంది?

ఇంకో సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. షేక్‌స్పియర్ ఈ కథను హోలిన్షెడ్ చరిత్ర పుస్తకం నుంచి తీసుకున్నాడు. అందులో డంకన్ మెతక మనిషి, పాలన చేతకానివాడు. మాల్కమ్‌ని వారసుడిగా ప్రకటించడంలో తనకు అన్యాయం జరిగిందని మేక్‌బెత్ నొచ్చుకోవడానికి అక్కడ కారణం ఉంది. రాజు హత్యలో బాంకోకీ భాగం ఉంది. పైగా హోలిన్షెడ్ మేక్‌బెత్ మొదటి పదేళ్లు బాగానే పాలిస్తాడు. అసలు చరిత్రలోని మేక్‌బెత్ అయితే 1040 నుంచి 1057 దాకా పదిహేడేళ్లు రాజ్యం చేశాడు, డంకన్ చచ్చింది యుద్ధంలో, పడకమీద కాదు. షేక్‌స్పియర్ వీటన్నిటినీ మార్చాడు. బాంకో వంశంవాడినని చెప్పుకునే జేమ్స్ రాజు 1603 నుంచి ఇంగ్లండ్ సింహాసనం మీద ఉన్నాడు కాబట్టి బాంకోను మంచివాడిగా చూపాల్సి వచ్చిందని అంటారు, అది నిజమే కావచ్చు. కానీ డంకన్‌ని పెద్దవాడిగా, సాధువుగా, మేక్‌బెత్‌ని సొంత మనిషిలా నమ్మినవాడిగా ఎందుకు చేసినట్టు? ఫిర్యాదు లేదు, అన్యాయం లేదు, పాలన బాగాలేదనే వంక లేదు. మేక్‌బెత్ చేతికి అందే సాకులన్నీ కవి ఒక్కొక్కటిగా లాగేశాడు. అంత కష్టపడి ఆయన తీసేసిన సాకుల్ని మనం మళ్లీ వెతికి తెచ్చి అతని చేతిలో పెడుతున్నాం.

మొదటి అంకం ఏడో దృశ్యం దగ్గర నేను క్లాసులో ఎప్పుడూ ఎక్కువసేపు ఆగేదాన్ని. లోపల రాజుకి విందు జరుగుతోంది. మేక్‌బెత్ మధ్యలో లేచి బయటికొచ్చి ఒక్కడే ఆలోచిస్తాడు. ఈయన నా బంధువు, నా రాజు, ఈ రాత్రి నా ఇంటికొచ్చిన అతిథి, ఆయన మీదకు ఎవరైనా కత్తితో వస్తే తలుపు మూయాల్సినవాణ్ణి నేనే, అలాంటి నేనే కత్తి పట్టుకోవడమా అనుకుంటాడు. మంచి రాజు, చేతికి మచ్చలేదు, చంపితే లోకమంతా ఏడుస్తుంది. మనం ఇతరులకు నేర్పిన నెత్తురు పాఠం తిరిగి మన మీదకే వస్తుంది. ఇవన్నీ అతనే అంటాడు, ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. చివరికి, ఈ పనికి నన్ను పొడిచి నడిపేది ఎగిరి దూకే నా ఆశ తప్ప మరేదీ లేదని ఒప్పుకుంటాడు. ఇంత స్పష్టంగా లోకంలో ఏ నేరస్థుడూ తన మీద తానే సాక్ష్యం చెప్పుకుని ఉండడు. తెలియక చేసినవాణ్ణి చూసి అయ్యో అనుకుని వదిలేస్తాం. పూర్తిగా తెలిసి, తూకం వేసి, తప్పని తేల్చుకుని, ఆ తర్వాత వెళ్లి చేసినవాణ్ణి చూస్తే భయమేస్తుంది, ఎందుకంటే ఆ తూకం మనమూ రోజూ వేస్తుంటాం.

భార్యకు తప్పు లేదని నేననడం లేదు. ఆ దృశ్యంలోనే, ఇక ఈ పని వద్దని అతనన్నప్పుడు, నువ్వు మగాడివేనా అన్నట్టు రెచ్చగొట్టింది ఆమే. కాపలావాళ్లకు తాగించిందీ ఆమే. ఆ పాపం ఆమెది, నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కుంటూ అనుభవించింది కూడా. కానీ నాటకంలో హత్యలు ఒక్కదానితో ఆగాయా? బాంకోను చంపించేటప్పుడు మేక్‌బెత్ భార్యకు చెప్పనే లేదు, నీకెందుకు, అయ్యాక మెచ్చుకుందువుగాని అంటాడు. తనకు ఎదురు తిరిగిన ప్రభువు మాక్‌డఫ్ దేశం విడిచి వెళ్లాడని తెలిసి కోటలో ఉన్న అతని భార్యనీ పసిపిల్లల్నీ చంపించాడు, అప్పుడు ఎవరు రెచ్చగొట్టారు? రెండోసారి మంత్రగత్తెల దగ్గరికి తనంతట తానే వెతుక్కుంటూ వెళ్లాడు. నెత్తుట్లో ఇంత దూరం వచ్చాక వెనక్కి నడవడమూ ముందుకు నడిచినంత కష్టమే అంటాడు. మొదటి హత్యకు ముందు వణికిన మనిషి, నిద్రనే చంపేశానని ఏడ్చిన మనిషి, పిల్లల్ని చంపించడానికి రెండో ఆలోచన కూడా చేయలేదు. కుర్చీ దక్కించుకోవడానికి ఒక్క పాపం సరిపోతుందనుకుంటాం, దాన్ని నిలబెట్టుకోవడానికి ఎన్ని కావాలో ముందు తెలీదు.

ఇది ఎక్కడో స్కాట్లాండ్ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఆఖర్న దుర్యోధన వధ రోజు భారతం మిట్ట మీద పడుకున్నట్టుగా పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి చేస్తారు, భీముడి వేషగాడు గద తీసుకుని తొడ మీద కొట్టేదాకా వేలమంది ఎండలో నిలబడి చూస్తారు, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. ఆ వేషాలు చూస్తూ పెరిగినవాళ్లం మనం. మరి దుర్యోధనుడు ఎందుకు చెడ్డాడని ఎవరినైనా అడగండి, శకుని మామ వల్ల అంటారు. అదే సాకు, చుట్టరికం మాత్రం మారింది.

భారతంలో ఏముందో చూడండి. రాజసూయం చూసి హస్తినకు తిరిగొచ్చేటప్పుడు దుర్యోధనుడు లోపల కాలిపోతుంటాడు, నిప్పుల్లో దూకుతాను, విషం తాగుతాను అంటాడు. అప్పుడు శకుని మొదట చెప్పిన మాట, ధర్మరాజు మీద అసూయ పడొద్దని. వాళ్ల అదృష్టం వాళ్లు అనుభవిస్తున్నారు, నీకూ అన్నదమ్ములున్నారు, ద్రోణుడు, కర్ణుడు ఉన్నారు, నువ్వూ భూమిని గెలుచుకో అంటాడు. జూదం మాట ఆ తర్వాత వచ్చింది, పాండవుల్నే గెలవాలని దుర్యోధనుడు పట్టుబట్టాక. శకుని చేసిన మోసం చిన్నదేం కాదు, కానీ మంట పెట్టింది మాత్రం అతను కాదు. ఇక గుడ్డి తండ్రి పిలిచి అడుగుతాడు, మంచి బట్టలు కడుతున్నావు, మాంసాన్నం తింటున్నావు, మేలుజాతి గుర్రాలెక్కుతున్నావు, మరెందుకు ఇలా పాలిపోయి చిక్కిపోయావని. లేనిది ఏమిటో కొడుకు చెప్పలేకపోయాడు, పక్కవాడికి ఉన్నది మాత్రం ఏకరువు పెట్టాడు. పైగా అసంతృప్తే సంపదకు మూలం, అందుకే నాకు అది కావాలి అని తండ్రికే పాఠం చెప్పాడు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు దిగులేస్తుంది, ఎందుకంటే ఇవాళ పిల్లలకు ఇదే మాటను మోటివేషన్ పేరుతో చెబుతున్నారు.

యుద్ధానికి ముందు కూడా అతనికి చెప్పనివాళ్లు లేరు. భీష్ముడు చెప్పాడు, ద్రోణుడు చెప్పాడు, విదురుడు చెప్పాడు, కృష్ణుడు అయిదూళ్లిస్తే చాలన్న మాట మోసుకొచ్చాడు, చివరికి గాంధారిని సభకు పిలిపించి చెప్పించారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. కణ్వ మహర్షి అంత కథ చెప్పి బుద్ధి చెబితే తొడ చరిచి నవ్వి, దేవుడు నన్నెలా పుట్టించాడో అలాగే నడుచుకుంటాను అన్నాడు. మేక్‌బెత్‌కి జోస్యం ఎలాగో ఇతనికి ఆ మాట అలాగ. నా చేతుల్లో లేదు అనే మాట చాలా హాయిగా ఉంటుంది, అధికారం మీద మనసు పడ్డవాడికి మరీ.

ఇద్దరి చివరి రోజులు పక్కపక్కన పెట్టి చదివితే మనసు పట్టేసినట్టవుతుంది. అయిదో అంకంలో మేక్‌బెత్ కోటలో ఉన్నాడు, శత్రువులు దగ్గరికొచ్చేశారు. ఆ వయసులో మనిషికి దక్కాల్సిన గౌరవం, ప్రేమ, మాట వినేవాళ్లు, నలుగురు స్నేహితులు, ఇవేవీ ఇక నాకు ఉండవు అనుకుంటాడు. బదులుగా మెల్లగా పెట్టే శాపాలు, పైపై మర్యాదలు. భార్య చచ్చిపోయిందని చెబితే ఏడవడానికి కూడా లోపల ఏమీ మిగల్లేదు. ఎవరికి రాజ్యం పంచుతానని ఉత్తరం రాశాడో ఆమే లేదు. శల్యపర్వంలో దుర్యోధనుడు పదకొండు అక్షౌహిణుల సేన పోగొట్టుకుని మడుగులో దాక్కున్నాడు. ధర్మరాజు వచ్చి పిలిస్తే అతనన్న మాట ఏమిటంటే, ఎవరి కోసం నేను రాజ్యం కోరుకున్నానో ఆ తమ్ముళ్లు, ఆ స్నేహితులు అంతా చచ్చారు, విధవరాలిలాంటి ఈ భూమి నాకెందుకు, నువ్వే ఏలుకో. సూదిమొన అంత నేల కోసం లోకాన్ని చంపినవాడు మొత్తం భూమిని వద్దంటున్నాడు. ఎక్కడి వ్యాసుడు, ఎక్కడి షేక్‌స్పియర్, ఎన్ని వందల ఏళ్ల దూరం! ఇద్దరికీ ఒకటే కనపడింది, కోరిన కుర్చీ చేతికొచ్చేసరికి దాని చుట్టూ కూర్చోవాల్సిన మనుషులు ఉండరని.

మరి అంత చెడ్డవాళ్లను చూసి మనకు కన్నీళ్లెందుకు వస్తాయి? ఎందుకంటే వాళ్లు చెడ్డవాళ్లుగా పుట్టలేదు. అందరూ సూతపుత్రుడని నవ్వుతుంటే కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చినవాడు దుర్యోధనుడు. నీళ్ల దగ్గర ఒంటరిగా అయిదుగురి ముందు నిలబడి కూడా మీలో ఎవరైనా ఒకరు గదాయుద్ధానికి రండని పిలిచి, చివరికి భీముడితో తలపడినవాడు. తొడ విరిగి పడ్డాక, చదివాను, దానాలిచ్చాను, భూమినేలాను, నాకన్నా మంచి చావు ఎవరికి అని అంటే ఆకాశం నుంచి పూలు కురిశాయని వ్యాసుడే రాశాడు. కేరళలో కొల్లం జిల్లా పోరువళి మలనాడలో అతన్ని ఇప్పటికీ కొలుస్తారు. మన పల్లెల్లో కూడా వధ అయ్యాక ఆ మట్టి దుర్యోధనుడి మట్టిని పిడికెడు ఇంటికి తీసుకెళ్లేవాళ్లున్నారు. తిట్టుకుంటూ కాదు, కళ్లకద్దుకుని. అంతటి మనిషి తన గొప్పతనాన్ని తన చేత్తోనే తగలబెట్టుకున్నాడు, మన బాధంతా అక్కడే. మామ చెడగొట్టాడు, భార్య చెడగొట్టింది అనేస్తే ఆ గొప్పతనం కూడా పోతుంది, ఎవరు ఎటు తోస్తే అటు పోయే బొమ్మ అవుతాడు.

ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగేది కాదు కాబట్టే ఇంత రాస్తున్నాను. మేముండే కాలనీలో ఒక పెద్దాయన ఉన్నారు, పేరు చెప్పను. నీళ్లకు కటకటగా ఉన్న ఏడు తెల్లవారుజామున లేచి ట్యాంకర్ల వెంట తిరిగి ఇంటింటికీ నీళ్లు అందేలా చూశారు, ముసలివాళ్ల ఇళ్లకు బిందెలు తనే మోశారు. అందరం కలిసి ఆయన్నే సంఘానికి అధ్యక్షుణ్ణి చేసుకున్నాం. గడువు అయిపోయాక కుర్చీ వదల్లేదు. లెక్కలడిగినవాళ్లు శత్రువులయ్యారు, ఆయనతోపాటు బిందెలు మోసిన స్నేహితుణ్ణే కమిటీలోంచి తీసేశారు, మీటింగులకు నోటీసులు రావడం మానేశాయి. ఇవాళ ఆయన ఎదురొస్తే నమస్కారం పెడతారు, నిలబడి మాట్లాడేవాళ్లు లేరు. ఇంతా అయ్యాక కాలనీలో అందరూ అనే మాటేమిటి? ఆయన బంగారం, వెనకుండి ఆడిస్తున్నది ఆయన భార్య అని. ఆమె నాకు బాగా తెలుసు. ఆ మీటింగులు ఎప్పుడు జరుగుతాయో కూడా ఆమెకు తెలీదు. ఆయన మంచితనం మీద మాకున్న గౌరవానికి లెక్క ఆమె కట్టాల్సి వస్తోంది, ఇది నాకు చాలా కష్టంగా ఉంది.

మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యం నన్ను ఇంత బాధపెట్టడానికి అదీ ఒక కారణం. క్లాసులో ఆడపిల్లలు కూడా ఉంటారు సార్. మగవాడి ఆశకు ఆడది జవాబు చెప్పాలని పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో పాఠంగా నేర్చుకుంటే, ఆ పాఠం పరీక్షతో పోదు. మగపిల్లలు నేర్చుకునేది ఇంకా ప్రమాదం, మనం చేసినదానికి ఎవరో ఒకరి పేరు ఎప్పుడూ దొరుకుతుందని.

కాబట్టి నా మనవి ఇదే. వచ్చే వారం విద్యార్థుల పేజీలో మొదటి అంకం ఏడో దృశ్యంలో మేక్‌బెత్ ఒంటరిగా మాట్లాడుకునే మాటలు తెలుగులో మొత్తంగా వేయండి. పక్కనే బాంకో దేవతల్ని వేడుకునే నాలుగు ముక్కలు కూడా వేయండి. ఎవరి వల్ల చెడ్డాడో పిల్లల్నే చదివి రాయమనండి, మార్కుల సంగతి మా మాస్టర్లం చూసుకుంటాం. వీలైతే ఈ ఎండాకాలం మీ విలేఖరుల్ని దుర్యోధన వధకు పంపి, ఎంత జనం వచ్చారు, ట్రాఫిక్ ఎలా ఆగిందనే వార్తతో సరిపెట్టకుండా, తెల్లవార్లూ ఆ వేషం కట్టిన కళాకారుణ్ణి కూర్చోబెట్టి దుర్యోధనుడి గురించి ఆయనేమనుకుంటున్నాడో అడిగి రాయించండి. ఆ మాటలు మా పాఠాలకు కూడా పనికొస్తాయి.

పేజీలో జాగా చాలకపోతే కాలనీ సంగతి తీసేసినా ఫరవాలేదు, ఏడో దృశ్యం గురించి రాసింది మాత్రం దయచేసి కత్తిరించకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి